కెరటం గాలి, చినుకు గాలి

ఎర్రమెట్టలో పొద్దు పొడవదు. పైకప్పు దీపాలు నెమ్మదిగా తెల్లబడతాయి, అంతే. అంగారకుడి నేల కింద ఎప్పుడో లావా పారి వదిలేసిన రెండు సొరంగాల్లో ఉంది ఆ ఊరు. తూర్పు సొరంగంలో మొదటి ఓడలో వచ్చినవాళ్ళుంటారు. పడమటి సొరంగంలో రెండో ఓడవాళ్ళు. అందరివీ శ్రీకాకుళం జిల్లాలో పక్కపక్క ఊళ్ళే. అయినా ఏ ఓడ దిగారన్నదే అక్కడ మొదటి ప్రశ్న.

దీపాలు తెల్లబడగానే ప్రతి ఇంటి గుమ్మం మీదా ఒక పలక వెలుగుతుంది. తూర్పున దాని మీద 'కెరటం' అని ఉంటుంది, పడమట 'చినుకు' అని. ఆ ఇంట్లోకి ఏ గాలి వస్తోందో చెప్పే పేరది. అక్కడ పుట్టిన పిల్లలు అమ్మ, నాన్న తరవాత నేర్చుకునేది తమ పలక మీది పేరే.

ఆ ఉదయం పలక వెలిగేసరికే నీలవేణి లేచి కూర్చుని మొగుడి దగ్గు వింటోంది. తవిటినాయుడు మంచుగనిలో పనివాడు. గని ఎర్రదుమ్ము ఎంత దులుపుకున్నా బట్టల్లో ఇంటికి వస్తుంది. ఒకప్పుడు ఇద్దరు పట్టే మంచుదిమ్మని ఒక్కడే భుజాన వేసుకునేవాడు. ఇప్పుడు చొక్కా తొడుక్కోవడానికి మధ్యలో ఒకసారి ఆగుతున్నాడు. ఇంకోసారి గని తనిఖీలో ఆయాసపడితే పనిలోంచి తీసేస్తామని మేస్త్రీ చెప్పాడు. పని సంగతి అలా ఉంచినా, ఈ ఆయాసం ఎటు పోతుందోనని నీలవేణి భయం.

"రాత్రల్లా దగ్గుతూనే ఉన్నావు మావా."

"నానొక్కన్నేటి, మన వరసంతా దగ్గుతోంది. తూరుపోళ్ళు దగ్గగా ఎవులైనా ఇన్నారేటి?"

"నేనైతే వినలేదు."

"మరి? గాలి మరలో కూకుండీదానివి, సదువుకున్నదానివి. ఆళ్ళ గాలిలో ఏటుందో, మన గాలిలో ఏటి లేదో నువ్వు సెప్పాల, నానేటి సెప్తాను."

అంతలో గోడలోంచి మెత్తటి గొంతు వినిపించింది. "నీలవేణిగారూ, మీ ఇంటి పోకడ కంత మూసి ఉంది. దయచేసి తెరవండి."

తవిటినాయుడు నవ్వబోయి దగ్గాడు. "అదిగో, మొదలెట్టింది. తెరిస్తే ఆళ్ళు పీల్చి పారీసిన గాలి ఇటు తోలీడానికి."

ఆ గొంతు వాయుగణన యంత్రానిది. ఊళ్ళో అందరూ ఊపిరమ్మ అంటారు. ప్రతి ఇంటికీ గాలి లోపలికి వచ్చే రాకడ కంత ఒకటి, వాడిన గాలి బయటికి పోయే పోకడ కంత ఒకటి ఉంటాయి. ఆ పోకడ కంతలోంచే అవతలి సొరంగం పాడుగాలి వెనక్కి తన్నుకొస్తుందని ఎవరు మొదట అన్నారో తెలియదు గానీ, పడమటి వరసలో కంతలో గుడ్డ కుక్కని ఇల్లు లేదు. నీలవేణి కూడా తన పాత చీర ముక్కని గట్టిగా కుక్కింది. ఊపిరమ్మ రోజూ చెప్పే ఆ మాట వినలేక, తన ఉద్యోగం ఇచ్చిన చనువుతో ఇంట్లో ఆ హెచ్చరికని ఆపేసే మీట నొక్కింది. గొంతు ఆగిపోయింది.

నీలవేణి ఆ వరసలో మొదటి పట్టభద్రురాలు. అమ్మానాన్నలు మంచు కోసినవాళ్ళు. ఆమె చదువు తమ అందరిదీ అన్నట్టు పడమటి వాళ్ళు మాట్లాడతారు. గాలి మరలో యంత్రానికి సూత్రాలు రాసే సూత్రలేఖకురాలిగా ఉద్యోగం వచ్చిన రోజున వంటశాలలో అందరికీ తీపి అటుకులు పంచారు. ఆ అటుకుల రుణం తీర్చుకోవాలన్నట్టుగానే ఆమె పని చేస్తుంది.

ఊపిరమ్మ లోపలి ఏర్పాటు చెప్పుకోవాలి. కంప్యూటర్ భాషల్లో ఎనుమరేషన్ అని ఒకటుంది. దానికి ఎర్రమెట్టలో పెట్టుకున్న పేరు గణావళి. ఇన్నే అని ముందే గిరి గీసి పెట్టిన పేర్ల గుంపు అది. ఆసుపత్రి, పసిగది, పంటగది, మంచుగని, సభ, ఇల్లు. ఒక్కో పేరూ ఒక్కో గణం. ప్రతి గణానికీ ఒక విలువ ఉంటుంది: ప్రాణవాయువు ఎంత, తేమ ఎంత, ఒత్తిడి ఎంత అన్న కలయిక. ఊళ్ళో ఏ గదైనా ఏదో ఒక గణంలో ఉండి తీరాలి. గణం లేని గదికి గాలి లేదు. యంత్రం పొరపాటున మధ్యస్తంగా ఏదో ఒకటి ఊదకుండా ఉండడానికే ఈ కట్టుబాటు.

రెండో ఓడ వచ్చాక గొడవ మొదలైంది. మా ఒళ్ళు వేరు, వాళ్ళ ఒళ్ళు వేరు, ఇల్లు అనే గణాన్ని రెండు చెయ్యమని రెండు పక్కలవాళ్ళూ పట్టుబట్టారు. ఊపిరమ్మని తయారుచేసిన గేదెల విశ్వేశ్వరం మాస్టారు అప్పుడొక కొత్త పద్ధతి కనిపెట్టారు. విలువల్ని మనిషి రాయడం మానేసి, గణం ఎలా పుట్టాలో చెప్పే జన్మసూత్రం రాశారు. పేరు ఇస్తే చాలు. యంత్రం ఆ పేరు కిందికి వచ్చే మనుషుల ఊపిరితిత్తులు, రక్తం, నిద్ర కొలుచుకుని విలువని తనే కట్టుకుంటుంది. అలా కెరటం, చినుకు పుట్టాయి. పోలికలు పెట్టుకుని కొట్టుకుంటారని విలువలకి ముద్ర వేసేశారు. అప్పటినుంచీ వాటిని చూసినవాళ్ళు లేరు, మాస్టారు తప్ప. మాస్టారు మొదటి ఓడ మనిషి.

వంటశాలలో నీలవేణి పక్కన పొరుగింటి సన్నెమ్మ కూర్చుంది.

"మా ఆడపడుచు తూరుపింటికి పేరంటానికెళ్ళింది గదా. తాంబూలం అందుకోకుండానే గొంతు పట్టీసిందట. ఆళ్ళ గాలి మనకి పడదే."

"ఇక్కడ ఆళ్ళూ మనమూ ఒకే గాలి పీలస్తన్నాం కదొదినా."

"ఇది వంటసాల. దీని పలక మీద సభ అని ఉంది." సన్నెమ్మ గంజి ఊదుకుంది. "నువ్వు మాస్టారి పక్కన కూకుని కూకుని ఆళ్ళ మాటలు మాటాడతన్నావు. మీ ఆయన దగ్గు ఇన్నావా, లేదా?"

ఆ చివరి మాట సూదిలా దిగింది. నీలవేణి గంజి సగంలో వదిలేసి గాలి మరకి వెళ్ళింది.

ముద్ర వేసిన విలువల్ని చూసే హక్కు ఆమెకి లేదు. కానీ ఏ గణాన్నైనా పేరు పెట్టి పిలిచి, అది పలుకుతోందో లేదో పరీక్షించడం ఆమె పనే.

"చినుకు గణాన్ని పిలువు" అంది.

"కెరటం సిద్ధంగా ఉంది" అంది ఊపిరమ్మ.

"నేను చినుకుని పిలిచాను."

"అవును. కెరటం సిద్ధంగా ఉంది."

"ఇప్పుడున్న గణాలన్నీ వరసగా చెప్పు."

"ఆసుపత్రి, పసిగది, పంటగది, మంచుగని, సభ, కెరటం. అంతే."

చినుకు లేదు. తమ గుమ్మాల మీద వెలిగే పేరు యంత్రం లోపల లేనే లేదు. తమ కోసం గాలి కలపడమే లేదన్న మాట. కెరటం వాళ్ళకి పోగా మిగిలినదేదో ఇటు వదులుతున్నారన్న మాట. తవిటినాయుడి దగ్గుకి అర్థం దొరికిందనుకుంది.

మాస్టారు పక్కగదిలోనే మర పళ్ళచక్రాల శబ్దం వింటూ కూర్చుని ఉన్నారు. ఆయనకి చెవితో వినడమే ఇప్పటికీ అలవాటు.

"మాస్టారూ, చినుకుని పిలిస్తే కెరటం పలుకుతోందండి."

ఆయన తల ఎత్తకుండానే అడిగారు. "ఎవరితోనైనా అన్నావా అమ్మా?"

"లేదండి."

"అనకు. కొన్ని చూడకపోతేనే బావుంటాయి. వెళ్ళి మంచుగని ఒత్తిడి ఒకసారి సరిచూడు."

ఎందుకని అడగలేదు, తప్పని అనలేదు. ఎవరితో అన్నావని మాత్రమే అడిగారు. ఇన్నాళ్ళూ తనకి పని నేర్పిన మనిషేనా ఈయన అనిపించింది నీలవేణికి. మంచుగని ఒత్తిడి సరిచూసింది. చెప్పిన పని చెయ్యకుండా ఉండడం ఆమెకి చేతకాదు. అది అయ్యాక సభ గంట మోగించింది.

సభామందిరం నిండిపోయింది. తూర్పువాళ్ళు తూర్పు బల్లల మీద, పడమటివాళ్ళు పడమటి బల్లల మీద కూర్చున్నారు. నీలవేణి లేచి చూసినది చూసినట్టు చెప్పింది. పడమటి బల్లలు దద్దరిల్లాయి. తూర్పు పెద్ద జోగులు కర్ర నేలకి కొట్టి నిశ్శబ్దం చేయించాడు. "మీరు చెప్పండి మాస్టారూ."

"నేనెందుకు, ఊపిరమ్మే చెబుతుంది. దానికి అబద్ధం చెప్పడం నేను నేర్పలేదు" అన్నారు మాస్టారు. ముద్ర విప్పారు.

ఊపిరమ్మ చెప్పింది: "కెరటం పుట్టించమన్నారు. తూర్పువారిని కొలిచాను. విలువ కట్టాను. తరవాత చినుకు పుట్టించమన్నారు. పడమటివారిని కొలిచాను. అదే విలువ వచ్చింది. గణావళిలో ఒక విలువకి ఒకే గణం ఉంటుంది. అందుకని రెండో పేరుని మొదటి గణానికి మారుపేరుగా ఉంచాను. రెండు సొరంగాలకీ వెళ్ళే గాలి ఒకటే. మొదటినుంచీ ఒకటే."

నీలవేణికి ముందు సిగ్గేసింది, వెంటనే గుండె తేలికపడింది. ఇక అందరూ నవ్వుకుని ఇళ్ళకి పోతారు, తలుపులు తీసుకుంటారు అనుకుంది.

జోగులు నోరు విప్పాడు. "అంటే మా మనవలు పుట్టినకాణ్ణించీ పీలస్తన్నది ఆళ్ళ గాలా?"

"మా గాలని సెప్పి ఆళ్ళ గాలి పెట్టారా మాకు?" పడమటి బల్లల్లోంచి లేచిన గొంతు తవిటినాయుడిది.

"గాలి ఎవరిదీ కాదు. కలయిక ఒకటే" అంది ఊపిరమ్మ. ఎవరూ వినిపించుకోలేదు.

కాసేపటికి తీర్మానం తయారైంది. ఒకే విలువతో రెండు పేర్లు ఉండడానికి వీల్లేదు. మాస్టారు లేచి చేతులు జోడించారు. "ఉన్నది మన ఒంటికి సరిపడే గాలి. వేరు చెయ్యాలంటే ఎవరిదో ఒకరిది చెడగొట్టాలి. ఎవరిది చెడగొట్టను?"

"మాది తగ్గినా ఒప్పుకుంటాం" అన్నాడు జోగులు. "ఆళ్ళదీ మాదీ ఒకటి కాకూడదు."

"ఆ మాట మాదీని" అన్నాడు తవిటినాయుడు, దగ్గు ఆపుకుంటూ.

చేతులు లేచాయి. రెండు ఓడలవాళ్ళూ ఒకే మాట మీద చెయ్యెత్తడం ఎర్రమెట్టలో అదే మొదటిసారి. మొగుడి పక్కనే ఉన్న నీలవేణి చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉండిపోయింది.

"తీర్మానం అందింది" అంది ఊపిరమ్మ. "రేపు దీపాలు తెల్లబడగానే గణాలన్నిటినీ మళ్ళీ పుట్టిస్తాను. ఒక విలువతో ఒక పేరు పుట్టాక అదే విలువతో రెండో పేరు పుట్టదు. కెరటం ముందుంది. చినుకు పుట్టకపోతే ఆ ఇళ్ళకి గణం ఉండదు. గణం లేని ఇంటికి గాలి ఉండదు."

జనం అప్పటికే గుమ్మం దగ్గర తోసుకుంటున్నారు. ఆ చివరి వాక్యం విన్నది ఇద్దరే.

గాలి మరలో మాస్టారు, నీలవేణి ఎదురెదురుగా కూర్చున్నారు.

"క్షమించండి మాస్టారూ."

"నువ్వు చేసినదానిలో తప్పేముందమ్మా. నాకు చెప్పే ధైర్యం లేకపోయింది, నీకుంది. తేడా అంతే."

"మరి మా ఆయన దగ్గో? గాలి ఒకటే అయితే పడమటనే ఎందుకు దగ్గుతున్నారు?"

ఆయన తెర ఆమె వైపు తిప్పారు. "తూర్పున దగ్గట్లేదని ఎవరన్నారు? మీరు మా వైపు రారు, మేం మీ వైపు రాం. ఇదిగో, పోకడ కంతలు. జోగులు రెండు దుప్పట్లు కుక్కేడు. వాడిన గాలి బయటికి పోక, దుమ్ము బయటికి పోక, ఆ ఇంట్లో ముసలామెకి మంచం దిగితే ఆయాసం. మీరు పాడుగాలి పంపుతున్నారని వాళ్ళ గోల."

తెర మీద పడమటి వరస కూడా ఉంది. అందులో తన ఇల్లూ ఉంది. తన చేత్తో కుక్కిన చీర ముక్క, తన చేత్తో నొక్కిన మీట. నీలవేణి తెరని పక్కకి తిప్పింది. ఏడుపు వచ్చేలా ఉంది గానీ ఏడిస్తే కుదరదు. తెల్లవారితే చినుకు లేదు.

"రెండూ ఒకటేనని యంత్రం దేన్నిబట్టి అంటోంది మాస్టారూ?"

"విలువని బట్టి."

"విలువ ఏదో చెప్పేది జన్మసూత్రమే కదండీ? కలయికే విలువ అని మనం రాశాం కాబట్టి కలయికని పోలుస్తోంది. పుట్టేటప్పుడే ఒక్కో పేరుకీ ఒక్కో వరస సంఖ్య ఇచ్చి, అదే విలువ అంటే? కలయిక దాని పక్కన ఒక గుణంగా ఉంటుంది. పోల్చుకోడానికి సంఖ్య, పీల్చుకోడానికి కలయిక."

మాస్టారు మర శబ్దం వింటున్నట్టు కళ్ళు మూసుకున్నారు. "సంఖ్యలు ఎప్పుడూ కలవవు. తీర్మానం నెగ్గుతుంది. గాలి చెడదు." కళ్ళు తెరిచారు. "రాయి."

రాసింది. చివర ఇంకొక షరతు చేర్చింది: ఏ ఇంటి పోకడ కంత తెరిచి లేదో ఆ ఇంటికి కొత్త పలక వెలగదు. గాలి ఆగదు, పేరు మాత్రం ఆగుతుంది.

"ఊపిరమ్మా, ఇప్పుడు కెరటం, చినుకు ఒకటేనా?" అని అడిగింది.

"కాదు. రెండూ వేరు వేరు గణాలు."

"అది అబద్ధం కాదు కదా?"

"కాదు. కలయిక ఒకటేనా అని ఎవరైనా అడిగితే, ఒకటే అని చెబుతాను."

మాస్టారు నవ్వారు. "అడగరులే. వేరా, కాదా? అంతవరకే అడుగుతారు."

మర్నాడు పలకలు ఆరిపోయాయి. కంత తెరిస్తేనే పేరు వస్తుందని ఊపిరమ్మ చెప్పగానే రెండు సొరంగాల్లోనూ దుప్పట్లు, గోనెలు, చొక్కాలు, తలగడలు వీధిలో పడ్డాయి. పాత దుమ్మంతా ఒక్కసారి పోకడ కంతల్లోకి పోయింది. పలకలు వెలిగాయి, అవే పేర్లతో. జనం సభకి వచ్చి, మాస్టారు అన్నట్టే, రెండూ వేరా కాదా అని ఊపిరమ్మని అడిగారు. వేరే అన్న జవాబు విన్నారు. కలయిక ఒకటేనా అన్న రెండో ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"ఇదీ కెరటం గాలంటే" అని జోగులు గుమ్మంలో నిలబడి గుండెల నిండా పీల్చాడు. కొన్నాళ్ళకి వాళ్ళింటి ముసలామె మంచం దిగి వంట చేసుకుంటోందని తెలిసింది. పడమట తవిటినాయుడి దగ్గు పలచబడి, పోయింది. తనిఖీ నెగ్గి వచ్చిన రోజు నీలవేణిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"సూసినావా? మన గాలి మనకొచ్చింది. ఇన్నాళ్ళూ ఆళ్ళ గాలి పెట్టి సంపీసినారు."

"అవును మావా" అంది నీలవేణి. ఇంట్లో ఆపేసిన హెచ్చరిక మీటని మళ్ళీ వేసింది.

ఆ వారంలోనే మాస్టారు ఆమెని ఇంటికి పిలిచారు. తూర్పు సొరంగంలో ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. గుమ్మం మీద కెరటం అని వెలుగుతోంది. మాస్టారి భార్య పంటగదిలో పండిన గింజలతో కాచిన కాఫీ ఇచ్చి, "అమ్మాయీ, మొహమాటపడకు" అంది. రెండు గుక్కలు తాగిందో లేదో నీలవేణి గొంతులో చిన్న గరగర మొదలైంది. కాఫీ వేడేమో అనుకుంది. గరగర పెరిగింది. పైట అడ్డం పెట్టుకుని దగ్గింది.

కలయిక ఒకటే. ఆ సూత్రం తను రాసినదే, అక్షరం అక్షరం తెలుసు. అయినా ఆమె చూపు తనకి తెలియకుండానే రాకడ కంత వైపు పోయింది. నేను రాసి లేచాక మాస్టారు ఒక్కరే ఉన్నారు గదా, ఏదైనా మార్చారేమో అనిపించింది.

మాస్టారు మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకి జరిపారు. "మొన్న తవిటినాయుడిని చూడ్డానికి మీ ఇంటికి వచ్చినప్పుడు నేనూ మీ రాకడ కంత వైపే చూసేనమ్మా" అన్నారు. "కాసేపయ్యాక ఉండలేక వచ్చేసేను."

కాఫీ పూర్తిగా తాగలేక, మళ్ళీ వస్తానని చెప్పి లేచింది. సభామందిరం దాటేవరకూ దగ్గు వదల్లేదు. సొంత గుమ్మం దగ్గరికి వచ్చి, చినుకు అన్న పలక కింద నిలబడి ఊపిరి పీల్చుకుంది. గొంతు ఎవరో తుడిచినట్టు శుభ్రంగా ఉంది.

"లోపలికి రావేటి?" అని ఇంట్లోంచి తవిటినాయుడు కేకేశాడు.

సూత్రం రాసిన చేత్తోనే గొంతు తడుముకుంటూ నీలవేణి ఆ గుమ్మంలోనే నిలబడిపోయింది.